పక్కన కూర్చున్నది ఎవరు

గాయం 611
ఎవరికి: గణపతి, తొమ్మిదేళ్ళు. ఎక్కడ: ఎడమ మోచెయ్యి. కుట్లు: నాలుగు. చేసింది: మా వరాలు. పక్కన కూర్చున్నది: మా వరాలు.

సొంత కూతురి పేరు ఈ గడిలో రాయాల్సి వచ్చినప్పుడు పెన్ను కాసేపు ఆగింది. ఆగినా రాశాను. ఈ గట్టు మీది ఊళ్ళో నూట ఇరవై ప్రాణాలున్నాయి, అందరి గాయాలూ ఉన్నది ఈ ఒక్క పుస్తకంలోనే. ఇందులో కూడా అబద్ధాలు రాస్తే ఇంకెక్కడా నిజం మిగలదు.

గొడవ చిన్నదే. మధ్యాహ్నం వంటకి మేకని కొయ్యాలి. వంతు నాది కాదంటే నాది కాదని ఇద్దరూ కత్తి ఒకళ్ళ మీదికి ఒకళ్ళు తోసుకున్నారు. గణపతికి తొమ్మిది, మా వరాలికి పదకొండు. ఇద్దరికీ కొయ్యాలని లేదు. కొయ్యాలని లేని ఇద్దరి మధ్య కత్తి ఉంటే ఎవరికో ఒకరికి తెగుతుంది మరి.

మత్తుమందు అయిపోయి ఆరేళ్ళైంది. అందుకని నా గదిలో ఒక పద్ధతి పెట్టాను. గాయం చేసినవాళ్ళు, కుట్లు పూర్తయ్యేదాకా గాయపడ్డవాళ్ళ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోవాలి. కళ్ళు మూసుకోకూడదు, మొహం తిప్పుకోకూడదు. పట్టుకున్న చేతిని వాళ్ళు రక్కుతారు, కరుస్తారు. పడాలి. మొదట్లో పెద్దల సభ ఇది విని నవ్వింది. నూకాలు పిల్లలకి సూది చూపించి బెదిరిస్తోందన్నారు. బెదిరింపు కాదని ఎంత చెప్పినా వాళ్ళ బుర్రకి ఎక్కలేదు. చెప్పడం మానేసి చెయ్యడం మొదలుపెట్టాను. ఒకసారి పక్కన కూర్చున్న పిల్ల మళ్ళీ ఊరికే కత్తి తియ్యదు. ఆరేళ్ళుగా చూస్తున్నాను.

గణపతి మా వరాలి ముంజేతిని పళ్ళు దిగేలా కరిచాడు. అది కదల్లేదు. కుట్లయ్యాక ఇద్దరూ కలిసే బయటికెళ్ళి జామకాయలు కోసుకున్నారు.

ఇంటికొచ్చాక మాత్రం వరాలు అన్నం ముట్టలేదు.

"అమ్మా, మేకని నువ్వు కొయ్యొచ్చు కదా?"

"ఎలా కోస్తానే? పడిపోనూ?"

"గణపతి చేతిలో సూది దింపావు. పడిపోలేదు కదా."

"అది బాగుచెయ్యడానికి. మేకని కోసేది చంపడానికి."

"గింజకి ఆ తేడా తెలుస్తాదేటి?"

"నాకు తెలుసు కదా. నాకు తెలిస్తే దానికి తెలిసినట్టే. తిను ముందు."

దానికి అన్నం కలిపి పెడుతూ చెవి వెనక గింజ తడుముకున్నాను. పద్నాలుగేళ్ళు నిండిన రోజున గట్టు మీద అందరికీ పెట్టేదే, ఇప్పుడు పెట్టే చెయ్యి నాది. అది లోపలికి వెళ్ళాక ఎవర్నైనా కొట్టాలనో చంపాలనో మనసులో మెదిలితే చాలు, నాలుక మీద తుప్పు రుచి వస్తుంది. అక్కడితో ఆగకపోతే మోకాళ్ళు పోతాయి, పావుగంట స్పృహ ఉండదు. తాతల కాలంలో ఒకర్నొకరు నరుక్కోగా మిగిలి ఈ గట్టెక్కినవాళ్ళు, ఇక చాలనుకుని పెట్టుకున్నారట. పెట్టుకున్నారు బాగానే ఉంది, కోడి మెడ ఎవరు తిప్పాలో ఆలోచించలేదు. అంచేత మేకల్ని కోసేదీ, పాముల్ని కొట్టేదీ, కంచె దగ్గర అడవిపందుల్ని పొడిచేదీ పద్నాలుగు నిండని పిల్లలే. ఏడేళ్ళకి చేతికి కత్తి ఇస్తాం.

అంతకన్నా ముందు, మూడేళ్ళకే, ఇంకొకటి నేర్పుతాం. పెద్దవాళ్ళెవరైనా పడిపోతే ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టడం, నాలుక అడ్డం పడకుండా చూడడం, మూతి తుడవడం. మూడేళ్ళప్పుడు వరాలు నన్ను తిప్పడానికి రెండు చేతులూ ఆనించి, మొహం కందిపోయేలా తోసేది. నేను ఇంకాస్త బరువుగా పడుకునేదాన్ని. ముద్దొచ్చేది.

గాయాలు 612, 613, 614, 615

ఉదయం తొమ్మిదింటికి, కంచె దగ్గరికి పందులొచ్చాయని కత్తి గంట మోగింది.

గంట మోగితే పెద్దలందరం ఇళ్ళలోకి వెళ్ళి గడియలు పెట్టుకోవాలి. చూస్తే కోపం వస్తుంది, కోపం వస్తే పడిపోతాం, పడితే పిల్లల కాళ్ళకి అడ్డం. చెవుల్లో దూది పెట్టుకుని, చాటలో బియ్యం పోసుకుని, రాళ్ళు ఏరుతూ కూర్చోవడం అలవాటు. మా ఆయన లోవరాజు దూది ఎంత గట్టిగా కుక్కుకుంటాడంటే, అంతా అయిపోయిందని రెండో గంట మోగాక భుజం పట్టి ఊపితే గానీ లేవడు. నేను దూది పెట్టుకోను. ఎన్ని గాయాలొస్తాయో అరుపుల్ని బట్టి అంచనా వేసి సూదులు మరగబెట్టుకోవాలి.

ఈరోజు మూడు అనుకున్నాను. నాలుగొచ్చాయి. మొదటి మూడూ కాళ్ళూ పిక్కలూ, కలిపి ముప్ఫై ఒక్క కుట్లు. నాలుగోది గణపతి. పంది కోర పొట్ట దగ్గర దిగి రొమ్ము దాకా చీల్చింది. పేగులు మట్టిలో ఉన్నాయి. కుట్టే పని రాలేదు. మొన్న మోచేతి మీద నేను వేసిన నాలుగు కుట్లు మాత్రం చెక్కు చెదరలేదు.

పెద్దలందరూ బకెట్లతో బయటికొచ్చి నెత్తురు కడగడం మొదలుపెట్టారు. పందిని పొడిచినవాడు ధనుంజయ, కత్తిపిల్లల పంతొమ్మిదిమందికీ వాడే పెద్ద. ఇంకో పదిహేను రోజుల్లో పద్నాలుగు నిండుతాయి. మోచేతుల దాకా ఎర్రగా, పంది మీద కాలు పెట్టుకుని నిలబడ్డాడు. భేష్ రా అన్నారు చాలామంది. నేనూ అనేదాన్నే, వరాలు నా చీర కొంగు పట్టి లాగకపోతే.

"అమ్మా, గణపతిని వాడే ముందుకి తోసేశాడు. పంది వీడి మీద పడ్డాక వెనకనించి పొడిచాడు. ఎరలాగా. నేను చూశాను."

ధనుంజయ నా చేతుల మీద పుట్టినవాడు. పిలిచాను.

"ఇలా రా. వచ్చి గణపతి పక్కన కూర్చో."

"నేను చేశానేటత్తా? చేసింది పంది. దాన్ని పిలు, కూర్చుంటాదేమో."

వాడి వెనకెప్పుడూ తిరిగే ఇద్దరు కిసుక్కున నవ్వారు. నా నోరంతా తుప్పు. గోడ పట్టుకుని, వంద నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటే గానీ తగ్గలేదు. నలభై దాకా వచ్చేసరికి వాడు చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు.

వరాలు కూర్చుంది. చల్లబడిపోయిన చేతిని పట్టుకుని, వాళ్ళ అమ్మ వచ్చి తీసుకెళ్ళేదాకా. గడిలో దాని పేరే రాశాను.

సాయంత్రం మా ఆయన దూది డబ్బా తీసుకెళ్ళి పొయ్యిలో పడేశాడు.

గాయం 617
ఎవరికి: సత్తెమ్మ, నలభై ఒకటి. ఎక్కడ: కుడి మణికట్టు, ఎముక విరిగింది. కుట్లు: లేవు, బద్దలు కట్టాను. చేసింది: మెట్లు అంటోంది. పక్కన కూర్చున్నది: ఎవరూ లేరు.

మెట్ల మీంచి పడితే చేతి చుట్టూ ఐదు వేళ్ళ అచ్చులు పడవు. సత్తెమ్మ ధనుంజయ తల్లి. బడి గోడ మీద సన్యాసిరావు మాస్టారు ప్రతి పిల్ల పేరూ, దాని ఎదురుగా పద్నాలుగు నిండే తేదీ రాసి ఉంచుతారు. ధనుంజయకి ఇక తొమ్మిది రోజులే. ఆ రోజుకి పాయసం చెయ్యనా, బూరెలు చెయ్యనా అని తల్లి అడిగిందట. ఏమీ వద్దు, గింజ పెట్టించుకోనన్నాడట. పెట్టించుకోవాలి కదరా నాన్నా అని చెయ్యి పట్టుకుందట. అంతే.

బద్ద కట్టేటప్పుడు ఎవరూ పట్టుకోవడానికి లేక, తన ఎడమ చెయ్యి తనే కరుచుకుంది.

"వాడినేటీ అనకే నూకాలూ. నేనే వాడికేదో తక్కువ చేశాను."

"నువ్వేం తక్కువ చేశావు? తిండా, బట్టా?"

"ఏడేళ్ళప్పుడు మొదటి మేకని కోసి ఏడుసుకుంటా ఇంటికొచ్చాడే. తలుపు మీద కొట్టాడు. నేను తియ్యలేదు. రెండో గంట మోగలేదు కదా అప్పటికి." కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అంది, "మోగాక తీస్తే, గుమ్మంలో కూర్చుని కత్తి తుడుసుకుంటున్నాడు. ఏడుపు లేదు. అబ్బా, నా కొడుకు గట్టోడైపోయాడనుకున్నాను."

మా వరాలి మొదటి మేక రోజున నేను తలుపు తీశానా అని గుర్తు తెచ్చుకున్నాను. తియ్యలేదు.

సాయంత్రం సభ పెట్టారు. ధనుంజయని పట్టుకొచ్చి గింజ పెట్టాలంటే ముందు పట్టుకోవాలి, పట్టుకోబోయినవాడు పడిపోతాడు. ఇన్నేళ్ళూ ప్రతి పిల్లా తనంతట తనే వచ్చి నా ముందు తల వంచింది కాబట్టి, వంచని పిల్లని ఏం చెయ్యాలో తాతలు చెప్పి పోలేదు. టీ తాగి, మంచి మాటలతో చెబుదాం అనుకుని లేచిపోయాం. మంచి మాటలు ఎవరు చెప్పాలో మాత్రం అనుకోలేదు.

గాయం 618
ఎవరికి: బడి గోడకి. మనిషి కాకపోయినా రాస్తున్నాను. ధనుంజయ తన పేరూ తేదీ కత్తితో గీకేశాడు. మాస్టారు సున్నం పూసి, మళ్ళీ అదే పేరు, అదే తేదీ, ముందుకన్నా పెద్ద అక్షరాల్లో రాశారు.

గాయం 619
ఎవరికి: సన్యాసిరావు మాస్టారు, అరవై ఎనిమిది. ఎక్కడ: కుడి చెయ్యి, చూపుడు వేలు, నడిమి వేలు. కుట్లు: తొమ్మిది. చేసింది: వరాలు. చేయించింది: ధనుంజయ. పక్కన కూర్చున్నది: వరాలు.

చేయించింది అనే గడి ఈ పుస్తకంలో లేదు. గీత కొట్టి కొత్తగా పెట్టాను.

గంట మోగింది, పందులు రాలేదు. మేం లోపలికి పోవాలంటే గంట కొడితే చాలని వాడికి అర్థమైపోయింది. పోయాం. గోడకి తగిలించిన చాటలు తీసి బియ్యం పోసుకున్నాం.

రెండో గంటకి గడియ తీస్తే గుమ్మంలో మాస్టారు, చేతికి చుట్టుకున్న తువ్వాలు నెత్తురోడుతూ. పక్కన వరాలు. దాని చేతిలో ఆకు దోనె, దోనెలో రెండు వేళ్ళు. మళ్ళీ అతికిస్తానని తెచ్చిందట.

వాడు మాస్టారిని బడి మెట్ల మీద కూర్చోబెట్టి, ఆయన చెయ్యి పీట మీద పెట్టించి, కత్తి వరాలికి ఇచ్చాడు. "రాసే వేళ్ళు రెండూ కొయ్యి. నువ్వు కోస్తే రెండే. నేను కోస్తే మణికట్టు కాడికి" అన్నాడు. మిగతా పిల్లలందరూ చుట్టూ నిలబడి చూశారు. వరాలు గట్టిగా అరిచింది. అప్పుడు మాస్టారే దాని మోకాలి మీద చెయ్యి వేసి, "కొయ్యమ్మా. నువ్వైతే చక్కగా కోస్తావు. తొందరగా కానీ" అన్నారట.

నేను కుడుతుంటే ఆయన రక్కలేదు, కరవలేదు. వరాలి చేతిని గట్టిగా నొక్కనైనా లేదు. దానికి నొప్పెడుతుందని. ఐదో కుట్టు దగ్గర అది వాంతి చేసుకుంది, మూతి తుడుచుకుని మళ్ళీ వచ్చి పట్టుకుంది.

ఆయన వెళ్ళాక అడిగింది.

"అమ్మా, నువ్వు దూది పెట్టుకోవు కదా. నేను అరిస్తే నీకు వినబడలేదా?"

వినబడింది. అంతమంది పిల్లల అరుపుల్లో నా పిల్ల అరుపు నాకు తెలియదా? గడియ మీద చెయ్యి కూడా వేశాను. తుప్పు రుచి తగిలింది. పడిపోతే ఏం ఉపయోగం అనుకున్నాను, చెయ్యి తీసేశాను, చాట ముందు కూర్చున్నాను. ఎన్ని రాళ్ళు ఏరానో కూడా చెప్పగలను. సిగ్గుతో చచ్చిపోతున్నాను, రాసుకోవడానికైనా ఒక చోటుంది కాబట్టి రాస్తున్నాను.

"వినబడింది" అన్నాను.



గాయం 620
ఎవరికి: ధనుంజయ, నిన్నటితో పద్నాలుగు నిండాయి. ఎక్కడ: కుడి తొడ. కుట్లు: ఇరవై మూడు, ఇంకో రెండు. చేసింది: పంది. పక్కన కూర్చున్నది: వరాలు, వాడు పిలిస్తే.

ఈసారి ముందుకి తొయ్యడానికి పిల్లలెవరూ వాడి చేతికి అందేంత దగ్గర నిలబడలేదు. పంది నేరుగా వచ్చింది. వాడి వెనక తిరిగే ఇద్దరూ మోసుకొచ్చి బల్ల మీద పడేసి, కుట్టడం చూడలేక బయటికి పోయారు.

వాడు కత్తి వదల్లేదు. మొన నా పొట్టకి ఆనించి పడుకున్నాడు.

"తేడా చేశావంటే పేగులు తీసేస్తానత్తా." మళ్ళీ తనే నవ్వాడు. "నువ్వేటి చేస్తావులే. పడిపోతావు." తల తిప్పి వరాల్ని చూశాడు. "నువ్విలా వచ్చి చెయ్యి పట్టుకో. మీ అమ్మ రూలే కదా."

వరాలు వచ్చి కూర్చుంది. దాని మొహంలో ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం చూసి నాకు భయం వేసింది.

పదో కుట్టుకి వాడు గుడ్డ కొరికాడు. పదిహేనో కుట్టుకి "అమ్మా" అన్నాడు. పద్దెనిమిదో కుట్టుకి కళ్ళు తేలేశాడు, కత్తి జారి కింద పడింది. ఊపిరి బాగానే ఉంది. మిగతా ఐదూ వేశాను. గింజల డబ్బా అరలో, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది.

డబ్బా తీశాను. ఇప్పుడు చూస్తానురా నీ సంగతి అనుకున్నాను. అనుకోగానే నోరు తుప్పుతో నిండిపోయింది, ఒక మోకాలు వణికింది. డబ్బా కింద పెట్టి స్టూలు మీద కూర్చున్నాను. వాడిని చూశాను. పై పెదవి మీద నూనూగు మీసం. ఎడమ కాలికి ఆరు వేళ్ళు. వాడు పుట్టగానే ఆ ఆరో వేలు ముందు చూసింది నేనే, సత్తెమ్మకి చెబితే అంత నొప్పిలోనూ పకపకా నవ్వింది. అది గుర్తొచ్చాక తుప్పు మెల్లగా దిగింది. అప్పుడు చెవి వెనక కోసి, గింజ పెట్టి, రెండు కుట్లు వేశాను. వాడి మంచికే అనుకున్నాను. ఆ అనుకోవడంలో ఎంత నిజముందో గింజకే తెలియాలి. అది మాత్రం ఊరుకుంది.

వరాలు అంతా చూసింది.

"ఇక వాడు ఎవర్నీ కొట్టలేడా?"

"కొట్టలేడు."

"మరి వాణ్ని ఎవరైనా కొడితే?"

నేను సూదులు కడుగుతున్నాను. "ముందు బల్ల మీద నెత్తురు తుడు" అన్నాను. పిల్ల అడిగినదానికి జవాబు చెప్పకుండా పని చెప్పడం నాకు అలవాటు. తుడిచేసి బయటికెళ్ళింది.

గాయం 621

నా కుడి చెయ్యి లేవడం లేదు. నేను చెబుతుంటే వరాలు రాస్తోంది. ఇష్టం లేని చోట పెన్ను ఆపేస్తోంది. రాయి అంటున్నాను.

ఈ ఉదయం పదకొండింటికి గంట మోగింది. నేను బిందెతో నీళ్ళు తెస్తున్నాను, అందుకే బయట ఉన్నాను. తలుపులన్నీ వరసగా మూసుకుపోయాయి. నూర్పిడి కళ్ళంలో పదిహేడుమంది పిల్లలూ గుండ్రంగా నిలబడి ఉన్నారు, మధ్యలో ధనుంజయ. వాడు పొద్దున్న ఎవరినో కొట్టడానికి చెయ్యెత్తి, నిలువునా కూలిపోయాడట. వాడికి గింజ పడిందని వరాలు అప్పటికే అందరికీ చెప్పేసింది.

బిందె ఒగ్గేసి పరిగెత్తాను. వాడి వెనక నవ్వుతూ తిరిగిన ఇద్దరే అందరికన్నా గట్టిగా తంతున్నారు. ఒకడు కుట్లు వేసిన తొడ మీద మడమతో తొక్కాడు. దారం పుటుక్కున తెగింది, కండ నోరు తెరుచుకుంది. ఇంకొకతె కర్రతో మూతి మీద కొట్టింది, పన్ను ఊడి మట్టిలో పడింది. వాడు లేవబోతాడు, కోపం వస్తుంది, మోకాళ్ళు పోతాయి, మళ్ళీ లేవబోతాడు. నేను వెళ్ళేసరికి తెలివిలోనే ఉన్నాడు. "అత్తా" అన్నాడు, నోట్లోంచి నెత్తురు బుడగలుగా వచ్చింది.

వరాలు వాడి రొమ్ము మీద ఎక్కి కూర్చుంది. చేతిలో మేకల్ని కోసే కత్తి.

"వరాలూ! ఒగ్గేయవే!"

అది నా వైపు చూసింది.

"నువ్వు లోపలికి పోమ్మా. గంట మోగింది కదా."

నా కూతురు నన్నేమీ ఎద్దేవా చెయ్యలేదు. రోజూ నేను చేసే పనే నాకు గుర్తు చేసింది.

దాని చేతి మీద ఒక్కటి ఇచ్చి కత్తి పడగొట్టాలనిపించింది. అంతే, తుప్పు. వాడు ఇంకా నాలుగడుగుల దూరంలో ఉన్నాడు, నా మోకాళ్ళు సడలిపోతున్నాయి. "తలుపులు తియ్యండి! లోపలేం చేస్తున్నారు, మీ పిల్లలు ఇక్కడ!" అని గొంతు చించుకున్నాను. ఎలాగూ పడిపోతాను. ఎక్కడ పడాలో మాత్రం నేనే చూసుకున్నాను.

ఇక్కడి నుంచి నాకు తెలియదు. వరాలే చెప్పాలి. చెప్పనంది. చెప్పి నీ మాటల్లోనే రాయమన్నాను.

"నేను కత్తి దింపుతుంటే అమ్మ వాడి మీద పడిపోయింది. ఆపుదామనుకున్నాను, ఆగలేదు. అమ్మ భుజంలో పిడిదాకా దిగిపోయింది. అమ్మ అరవలేదు, అప్పటికే తెలివి లేదు. మా నాన్న తలుపు తీసుకుని పరిగెత్తుకొచ్చాడు. నాన్న చెవుల్లో దూది లేదు. మమ్మల్ని చూసి అమ్మ పక్కనే పడిపోయాడు. తర్వాత సత్తెమ్మత్త కట్టు కట్టిన చేత్తో వచ్చి వాడి కాళ్ళ మీద పడిపోయింది. అప్పుడు అన్ని ఇళ్ళవాళ్ళూ తలుపులు తీశారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు పడిపోయారు. కొంతమంది గుమ్మంలోనే పడిపోయారు. కళ్ళంలో కాలు పెట్టడానికి చోటు లేదు. ఎవర్ని తొక్కినా ఎవరో ఒకళ్ళ అమ్మే.

అప్పుడు చిన్న పైడి, మా నాన్న బోర్లా పడ్డాడు అని ఏడ్చింది. బోర్లా పడితే ఊపిరాడదు. తిప్పాలంటే రెండు చేతులూ కావాలి. అది కత్తి కింద పెట్టింది. అందరం పెట్టాం. అందర్నీ పక్కకి తిప్పాం, మూతులు తుడిచాం. డెబ్బైమంది ఉన్నారు, చాలాసేపు పట్టింది. ధనుంజయని కూడా తిప్పాం. ఎవరు తిప్పారో గుర్తులేదు. నేనే అనుకుంటాను.

మాస్టారు మాత్రం పడలేదు. కర్ర పట్టుకుని మెల్లగా వచ్చి నా పక్కన కూర్చున్నారు. నా చెయ్యి పట్టుకున్నారు. ఆ చేత్తోనే, మిగిలిన మూడు వేళ్ళతో."

నాకు తెలివొచ్చేసరికి నా బల్ల మీద నేనే ఉన్నాను. కత్తి ఇంకా భుజంలోనే ఉంది. కుట్టడం వచ్చినవాళ్ళు గట్టు మీద ఎవరూ లేరు, నేను తప్ప. ఏడేళ్ళకల్లా ప్రతి పిల్ల చేతికీ కత్తి ఇచ్చాం, ఒక్క చేతికీ సూది ఇవ్వలేదు. ఇవ్వాల్సింది నేను. ఇవ్వలేదని రాయి వరాలూ, పెన్ను ఆపకు.

"నాకు రాదమ్మా" అని ఏడ్చింది.

"దింపడం వచ్చింది కదా. కుట్టడమూ వస్తుంది. సూది మరగబెట్టు."

పరుషంగానే అన్నాను. అనాల్సిన మాటే. కత్తి బయటికి లాగాక, మొదటి కుట్టు మరీ లోతుకి దింపింది, నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. "మేక తోలనుకున్నావేంటే!" అని తిట్టాను. రెండోది వంకర. మూడోదానికి ముడి జారింది, మళ్ళీ వేసింది. ఆరో కుట్టుకి చెయ్యి కుదురుకుంది. ఏడుపు మాత్రం చివరిదాకా ఆగలేదు. ఏడుస్తూ కుట్టడం మంచిదే, కళ్ళు తుడుచుకోవడానికి అప్పుడప్పుడూ ఆగితే చాలు.

బయట జనం ఇంటింటి నుంచీ దూది డబ్బాలు తెచ్చి నా గుమ్మంలో పెట్టిపోతున్నారు, గాయాలకి పనికొస్తుందని. చెవుల్లో పెట్టుకునే దూది. మా ఆయనే ముందే తొందరపడి పొయ్యిలో పడేశాడు, మంచి దూది.

గడులు మిగిలాయి. ఎవరికి: నూకాలు, ముప్ఫై ఎనిమిది. ఎక్కడ: కుడి భుజం. కుట్లు: పదకొండు. చేసింది: వరాలు. కుట్టింది: వరాలు. పక్కన కూర్చున్నది: నాన్న, మాస్టారు, సత్తెమ్మత్త.

అక్కడ పెన్ను ఆగింది.

ధనుంజయ కూడా కూర్చున్నాడు. తొడకి గట్టిగా గుడ్డ కట్టుకుని, పగిలిన మూతితో, ఎవరూ రమ్మనకుండానే వచ్చి, పదకొండు కుట్లూ అయ్యేదాకా నా ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. వాడి చేతిలో గోళ్ళు దింపేశాను. తియ్యలేదు.

"వాడి పేరు రాయనమ్మా."

"కూర్చున్నాడా లేదా?"

"గణపతి పక్కన కూర్చోలేదు కదా."

"అది కూడా రాయి."

రెండూ రాసింది. మొదటిది చిన్న అక్షరాల్లో, రెండోది గడి దాటి పేజీ అంచుదాకా. పెన్ను నాకివ్వమన్నాను. ఈ నాలుగు ముక్కలూ ఎడమ చేత్తో నేనే రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే పోనీ.

వాడి తొడ మీద కుట్లు సగం ఊడిపోయాయి. మళ్ళీ వెయ్యాలి. బల్ల ఖాళీ చేసి, వాణ్ని పడుకోమని, వరాల్ని సూది మరగబెట్టమన్నాను. అది చాలాసేపు నిలబడిన చోటే నిలబడింది. వాడు కళ్ళు మూసుకుని ఉన్నాడు. తర్వాత అది వెళ్ళి పొయ్యి వెలిగించింది.